ఒక షిల్లింగు టిక్కట్టు

మెల్‌బోర్న్ అనగానే మనకు ఆస్ట్రేలియా గుర్తుకు వస్తుంది. పిల్లలకైతే క్రికెట్టు మైదానం గుర్తుకు వస్తుంది. కాని అసలు మెల్‌బోర్న్ ఇంగ్లండులో, డెర్బీషైరులో ఉన్న ఒక చిన్న ఊరు. ఆ ఊరి పేరు బిరుదుగా పెట్టుకున్న దొరల కుటుంబంలోని వాడే విక్టోరియా రాణి గద్దె ఎక్కిననాటి ప్రధానమంత్రి. ఆయన పేరు సముద్రాలు దాటి వెళ్ళి, అక్కడ మహానగరమై కూర్చుంది. ఊరు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

ఆ దొరల భూముల్లోని ఒక కాయగూరల తోటలో, రోజుకు ఒక పెన్నీ కూలికి, పదేళ్ళ కుర్రవాడొకడు పనిచేసేవాడు. వారమంతా ఒళ్ళు వంచితే ఆరు పెన్నీలు చేతికి వచ్చేవి. అప్పుడు షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. అంటే రెండు వారాలు మట్టి తవ్వితే ఒక షిల్లింగన్నమాట! ఈ లెక్క కొంచెం జ్ఞాపకం పెట్టుకోండి, తరువాత పనికివస్తుంది. కుర్రవాడి పేరు థామస్ కుక్. 1808 నవంబరు 22న పుట్టాడు. నాలుగేళ్ళకే తండ్రి పోయాడు. తల్లి మారుమనువు చేసుకుంది. పదో ఏటితో బడి అయిపోయింది. ఆ తోట యజమాని కాయగూరలు అమ్మిన డబ్బుతో సారా దుకాణంలో కూర్చునేవాడట. పధ్నాలుగో ఏట కొయ్యపని నేర్చుకోవడానికి మామ వరస అయిన వడ్రంగి దగ్గర చేరితే, ఆయనా ఆ బాపతే. కుక్ జీవితం రాసిన వాళ్ళు ఈ సంగతి ఊరికే చెప్పలేదు. లోకం మొత్తాన్ని రైలెక్కించిన ఆ మనిషి, మొదట చేయదలచుకున్నది తాగుడు మాన్పించడమే.

నేను లెస్టర్ నగరంలో కొద్దిరోజులు గడిపాను. కాగితం మీద అక్షరాలు కూడబలుక్కుని చదివితే 'లైసెస్టర్' అవుతుంది. ఊళ్ళో వాళ్ళు మాత్రం సగం అక్షరాలు మింగేసి 'లెస్టర్' అంటారు. మన తెలుగులో రాసిందే పలుకుతామని గర్వపడే నాబోటి తెలుగు మాష్టర్లకు ఇలాటి ఊళ్ళో తిరగడం నిత్యపరీక్ష. లండను నుంచి ఉత్తరంగా రైల్లో వస్తే గంటా గంటంబావు ప్రయాణం. స్టేషను దాటి లండను రోడ్డు మీదికి రాగానే మొదట పలకరించేది కంచు విగ్రహమై నిలబడ్డ థామస్ కుక్. చేతిలో గడియారం, పక్కన పెట్టె, గొడుగు. మన ఊళ్ళలో విగ్రహాలు చెయ్యెత్తి దారి చూపిస్తాయి. ఈయన మాత్రం 'బండి ఎన్నింటికండీ?' అన్నట్టు నిలబడి ఉన్నాడు. దేశనాయకుడి ఠీవి లేదు. పెళ్ళివారిని రైలెక్కించే పెద్దమనిషి ఆదుర్దాయే ఉంది. నాకు అది నచ్చింది.

నాతో తెనాలి వైపు కుర్రాడొకడు వచ్చాడు. అక్కడి యూనివర్సిటీలో చదువుతూ, రాత్రిళ్ళు ఒక గిడ్డంగిలో పెట్టెలు మోస్తున్నాడు. ఈ ఊళ్ళో తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. "ఈయనెవరో రోజూ చూస్తాను గాని సార్, ఎప్పుడూ అడగలేదు. రైల్వే ఆయనేమో అనుకున్నాను," అన్నాడు. రైల్వే ఆయన కాదు. ఆయనకు ఒక్క రైలింజనూ లేదు, ఒక్క పట్టాముక్కా లేదు. ఆ విచిత్రం చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కొయ్యపని నేర్చిన కుక్, ఇరవై ఏళ్ళు నిండే వేళకు బాప్టిస్టు క్రైస్తవుల తరఫున ఊరూరా తిరిగే ప్రచారకుడయ్యాడు. 1829లో తాను ఎన్ని మైళ్ళు తిరిగాడో లెక్క రాసి పెట్టుకున్నాడు. మొత్తం 2,692 మైళ్ళు. అందులో 2,106 మైళ్ళు కాలినడకన! ప్రయాణం అంటే ఏమిటో, జేబులో డబ్బు లేని ప్రయాణం అంటే ఏమిటో ఆయన పాదాలకు తెలుసు. 1833లో మేరియాన్ అనే ఆమెను పెళ్ళాడి, మార్కెట్ హార్‌బరో అనే ఊళ్ళో కాపురం పెట్టి, మళ్ళీ కొయ్యపని చేసుకుంటూ, మద్యం ముట్టమని భార్యాభర్తలిద్దరూ ప్రతిజ్ఞ పట్టారు.

1841 జూన్‌లో, మద్యనిషేధ సభ ఒకటి ఉంటే, హార్‌బరో నుంచి లెస్టర్‌కు పదిహేను మైళ్ళు నడిచి బయలుదేరాడు. వయసు ముప్ఫైరెండు. అప్పటికి ఏడాది క్రితమే లెస్టర్ మీదుగా రైలు పడింది. నడుస్తూ నడుస్తూ ఉండగా ఆలోచన వచ్చింది: ఈ రైలును మన పనికి ఎందుకు వాడుకోకూడదు? కూలివాడు సెలవునాడు సారా కొట్టుకు పోతున్నాడంటే అది వాడి దుర్బుద్ధి ఒక్కటే కాదు, పోవడానికి మరో చోటు లేకపోవడం కూడాను. ఆ మరో చోటు చూపిస్తే? ఆ సాయంత్రం సభలో లేచి ఈ మాట చెప్పాడు. మర్నాడే రైలు కంపెనీ వాళ్ళతో మాట్లాడాడు.

1841 జులై 5, సోమవారం. లెస్టర్ నుంచి లాఫ్‌బరోకు పదకొండు మైళ్ళు. సుమారు ఐదువందల మంది జనం. రానుపోను టిక్కట్టు ఒక షిల్లింగు. పైకప్పు లేని పెట్టెలు. ఇంజను పొగా, నిప్పురవ్వలూ నెత్తిన పడుతూ ఉంటే, బ్యాండు మేళం వాయించుకుంటూ పోయారు. దారి పొడుగునా వంతెనల మీద జనం నిలబడి చూశారు. లాఫ్‌బరోలో ఒక శ్రీమంతుడి తోటలో టీ, రొట్టె, ఆటలు, ఉపన్యాసాలు. రాత్రికి ఇల్లు చేరారు. అంతే కథ.

రైలు కంపెనీలు అంతకుముందే ఉల్లాస యాత్రలు నడిపాయి. కుక్‌ది మొట్టమొదటిది కాదు. ఆయన చేసిన కొత్త పని వేరే ఉంది. బండి ఒకరిది, తోట ఒకరిది, టీ ఒకరిది, మేళం ఒకరిది. వాటన్నిటినీ ఒక్క తాటికి కట్టి, 'ఇదిగో షిల్లింగు, ఇక నీవు దేనికీ బెంగపడనక్కరలేదు' అని కూలివాడి చేతిలో ఒక్క టిక్కట్టు పెట్టాడు. తన సొంతమంటూ ఏమీ లేకుండా అందరి సొత్తునూ కలిపి కుట్టే ఆ దర్జీపనే ఆయన వ్యాపారం. మొదటి నాలుగేళ్ళు అది వ్యాపారం కూడా కాదు. మద్యనిషేధ సంఘాలకోసం, ఆదివారం బళ్ళ పిల్లలకోసం ఊరికే చేసిపెట్టాడు. పొట్టకూటికి లెస్టర్‌లో పుస్తకాల దుకాణం, అచ్చాపీసూ నడుపుకునేవాడు.

మాకు తరగతిలో ఏనుగుల వీరాస్వామిగారి కాశీయాత్రచరిత్ర తగులుతూ ఉంటుంది. ఆయన 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. సుమారు వందమంది పరివారం, పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటసామగ్రి. ఇల్లు మొత్తం కట్టుకుని బయలుదేరాడన్నమాట. సుప్రీంకోర్టులో పెద్ద ఉద్యోగి గనుక ఆయనకది సాగింది. దారిలో ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో, ఏ ఏరు ఎలా దాటాలో వెనక వచ్చేవాళ్ళకోసం ఎంత ఓపికగా రాశాడో చదివినవాళ్ళకు తెలుసు. ఆయన నడిచిన పదేళ్ళకు మరో దేశంలో ఒక వడ్రంగి, పరివారం లేనివాడికి పరివారం అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఆలోచించడం నాకు ముచ్చటగా ఉంటుంది.

1845 ఆగస్టులో లాభం కోసం మొదటి యాత్ర, లివర్‌పూల్‌కు. ముందు తాను వెళ్ళి దారంతా చూసుకుని వచ్చి, హోటళ్ళు మాట్లాడి, ప్రయాణికుల చేతికి అరవై పేజీల పుస్తకం ఒకటి అచ్చువేసి ఇచ్చాడు. ఆ సందర్భంలోనే వేల్సులోని స్నోడన్ కొండ ఎక్కి, శిఖరం మీద నిలబడి 'ఇక స్కాట్లండు' అనుకున్నాడట.

అనుకున్నంత సులువు కాలేదు. 1846లో మూడువందల యాభైమందిని తీసుకుని స్కాట్లండు బయలుదేరాడు. దారిలో ఇస్తామన్న టీ ఇవ్వలేదు. ఆ రోజుల రైళ్ళలో మరుగుదొడ్లు లేవు. ఆడవాళ్ళ అవస్థ మీరే ఊహించుకోండి. తరువాత ఎక్కిన స్టీమరులో మొదటి తరగతి టిక్కట్టు కొన్నవాళ్ళకు సైతం చోటు చాలలేదు. రాత్రంతా గాలివానలో డెక్కు మీద తడిసి ముద్దయ్యారు. గ్లాస్గోలో ఫిరంగులు పేల్చి, మేళాలతో స్వాగతమిచ్చారు నిజమే; ఇంటికి వచ్చాక జనం జ్ఞాపకం పెట్టుకున్నది మాత్రం ఆ టీ రాకపోవడాన్నే. ప్రయాణికుడి స్వభావం ఎక్కడైనా ఒకటే. ఆ ఏడాదే కుక్ దివాలా తీశాడు. మరొకడైతే కొయ్యపనికి తిరిగిపోయేవాడు. ఈయన మరుసటి ఏడు మళ్ళీ స్కాట్లండుకే బయలుదేరాడు!

లెస్టర్ వీధుల్లో తిరుగుతూంటే ఆ రోజుల్లో ఊరి బీదతనం గురించి చెప్పకుండా ఉండలేం. అప్పుడు ఇది మేజోళ్ళు అల్లే ఊరు. మన మంగళగిరి మగ్గాలను తలచుకోండి. ఇల్లే కర్మాగారం, ఇంటిల్లపాదీ పనే. ఒక్క తేడా, అక్కడ అల్లే మరకు కూడా వారంవారం అద్దె కట్టాలి. పని ఉన్నా లేకున్నా అద్దె తప్పదు. అలాటి వాళ్ళను 1851లో లండను మహాప్రదర్శనకు తీసుకువెళ్ళాలని కుక్ నడుం కట్టాడు. చేతిలో ఒక్కసారిగా అంత డబ్బు ఎవరికుంటుంది? అందుకని పేటపేటనా చీటీల వంటి సంఘాలు పెట్టించి, వారానికి కొంచెం కొంచెంగా కూడబెట్టించాడు. పోటీ రైలు కంపెనీ ధర తగ్గిస్తే ఈయనా తగ్గించాడు. ఒక దశలో లండను రానుపోను టిక్కట్టు ఐదు షిల్లింగులకు దిగింది. పదిహేడేళ్ళ కొడుకు జాన్ మేసన్ ఊరూరా తిరిగి జనాన్ని పోగుచేశాడు. ఆ వేసవిలో కుక్ చేతిమీదుగా లండను చూసినవాళ్ళు లక్షాయాభైవేల మంది.

ఈ సంగతి నేను చెబుతూ ఉంటే మా తెనాలి కుర్రాడు నవ్వి, "నేనూ అదే చేస్తున్నాను సార్," అన్నాడు. "గిడ్డంగి జీతంలో నెలనెలా కొంచెం పక్కన పెడుతున్నాను. ఫీజు అప్పు తీరాక అమ్మానాన్నల్ని ఒక్కసారి తీసుకురావాలి. అమ్మ తిరుపతి దాటి ఎరగదు."

"అప్పు ఎంతవరకు వచ్చింది?" అని అడిగాను.

"ఇంకా ఉంది సార్," అన్నాడు. ఆపైన నేను అడగలేదు.

1862లో స్కాట్లండు రైలు కంపెనీలు కుక్‌కు చవక టిక్కట్లు ఇవ్వమన్నాయి. ఆ తలుపు మూస్తే సముద్రం అవతలి తలుపు తట్టాడు: మరుసటి ఏడు స్విట్జర్లండు. ఆ గుంపులో జెమీమా మోరెల్ అనే యార్క్‌షైరు యువతి రోజువారీ రాసుకున్న దినచర్య, రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులు పడిన లండను శిథిలాల్లో ఒక రేకు పెట్టెలో దొరికి, యాత్ర జరిగిన నూరేళ్ళకు, 1963లో అచ్చయింది. తెల్లవారకముందే లేవడం, కంచరగాడిదలు, మంచు మీద పావడాలతో నడవడం, అన్నీ ఉన్నాయట. తోడు లేకుండా గడప దాటకూడదనే ఆడవాళ్ళకు 'కుక్ గారి యాత్ర' అనే మాటే పెద్దతోడు అయింది. ఈ ఒక్క మేలుకే ఆయనకు విగ్రహం పెట్టవచ్చునంటాను.

అయితే పెద్దమనుషులు ఊరుకుంటారా? చార్లెస్ లీవర్ అనే నవలాకారుడు ఇటలీలో బ్రిటిషు వైస్‌కాన్సలుగా ఉండేవాడు. 1865లో ఒక పత్రికలో మారుపేరుతో రాస్తూ, ఈ కుక్ మందలు నిజానికి ఆస్ట్రేలియా వాళ్ళు వద్దన్న నేరస్థులనీ, ప్రభుత్వమే వీళ్ళను ఇటలీలో వదిలిపెడుతోందనీ కట్టుకథ అల్లాడు. వేళాకోళానికే రాశాడు గాని, వేళాకోళంలోనే మనసులో మాట బయటపడుతుంది. ఇన్నాళ్ళూ మా ఒక్కరికే సొంతమైన రోములోకి, ఫ్లారెన్సులోకి దుకాణం గుమాస్తా ఎలా వచ్చాడన్నదే ఆ మంట. కుక్ ఊరుకోలేదు. విదేశాంగ మంత్రికి ఫిర్యాదు చేశాడు. తన పత్రికలో దీటుగా జవాబిచ్చాడు. అందమైన చోట్లు కొద్దిమంది సొత్తుగా ఉండాలనే వాదం ఆయనకు ఒంటికి కారం రాసినట్టుండేది. ఇప్పటికీ మనలో కొందరు, 'అరకు పూర్వంలా లేదండీ, అందరూ వచ్చేస్తున్నారు' అంటూ ఉంటారు. ఆ 'అందరూ'లో తామూ ఒకరని వాళ్ళకు తోచదు!

1868లో హోటలు కూపన్లు, 1869లో ఈజిప్టు, పాలస్తీనా, తరువాత ఏ దేశంలోనైనా డబ్బు మార్చుకునే చెల్లుచీటీలు. వీటిని చకచకా దాటిపోతాను. 1872 సెప్టెంబరులో, అరవై నాలుగో ఏట, కొద్దిమందిని వెంటబెట్టుకుని భూగోళం చుట్టిరావడానికి బయలుదేరాడు. అమెరికా, జపాను, చైనా, సింహళం, మన దేశం మీదుగా ఇంగ్లండు చేరేసరికి 222 రోజులు పట్టింది. తమాషా ఏమిటంటే, ఆయన అలా దారిలో ఉండగానే పారిస్‌లో ఒక పత్రిక, జూల్స్ వెర్న్ రాసిన ఎనభై రోజుల ప్రపంచ యాత్ర నవలను సీరియల్‌గా వేయడం మొదలుపెట్టింది. సీరియల్ కోసం ఎదురుచూసే పాఠకులకు ఆ నాటి వాళ్ళ ఆత్రం నేను వర్ణించనక్కరలేదు.

ఇక అసలు కష్టం ఇంట్లో వచ్చింది.

గ్యాలోట్రీ గేట్ అనే వీధిలో కుక్ కంపెనీవారి పాత కట్టడం ఇప్పటికీ ఉంది. 1894లో కట్టారు. తలెత్తి చూస్తే గోడ మీద నాలుగు శిల్పఫలకాలు: 1841 నాటి లాఫ్‌బరో బండి, 1851 నాటి ప్రదర్శన, 1884 నాటి నైలు నది స్టీమరు, 1891 నాటి స్కాట్లండు రైలు వంతెన. చూడముచ్చటగా ఉంటాయి. కింద నిలబడి వాటిని చూస్తూ ఉంటే నాకొకటి తట్టింది. మొదటి రెండూ తండ్రివి. తరువాతి రెండూ కొడుకువి. మధ్యలో ముప్ఫైమూడేళ్ళ ఖాళీ. కట్టించింది కొడుకు.

జాన్ మేసన్ చిన్నప్పటినుంచి తండ్రి పనిలో నలిగినవాడు. ఏడేళ్ళ పిల్లవాడుగా లాఫ్‌బరో బండెక్కాడు, పదిహేడేళ్ళకు లండను యాత్రకు జనాన్ని పోగుచేశాడు. వ్యాపారమంటే వ్యాపారమే, అందులో దైవసేవ కలపకూడదని అతని పట్టు. తండ్రేమో లాభం చేతికి వస్తే రోములో ప్రార్థనామందిరానికి, బీదల అన్నసత్రానికి ఇచ్చివేసేవాడు. నిజం చెప్పాలంటే లెక్కల్లో కొడుకే గట్టివాడు. కంపెనీని ప్రపంచమంతటా నిలబెట్టింది అతనే. కాని 1870ల చివరకు తండ్రిని పూర్తిగా పక్కకు తప్పించాడు. తాను పెట్టిన కంపెనీలో తనకే మాట లేకుండా పోయింది. మన ఊళ్ళలో, నోటుపుస్తకం మీద తాతగారి పేరుండి, గల్లా దగ్గర మనుమడు కూర్చున్న కొట్లు ఎన్ని చూడలేదు? తాతగారు అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

కూతురు ఆనీ తండ్రి పక్షం. ఆమె కంపెనీలోని ఒక గుమాస్తాను పెళ్ళాడాలనుకుంది; అన్నకు గిట్టలేదు. 1880 నవంబరులో, స్టోనీగేట్‌లో తండ్రి కట్టించిన కొత్త ఇంట్లో, ఆమె స్నానాల గదిలో చనిపోయి కనిపించింది. నీళ్ళు కాచే గ్యాసు యంత్రం నుంచి వచ్చిన విషవాయువే కారణమని భావించారు. ముప్ఫై అయిదేళ్ళు. ఆమె పేర తండ్రి ఒక హాలు కట్టించాడు. నాలుగేళ్ళకు మేరియాన్ కూడా పోయింది. ఆ పెద్ద ఇంట్లో, చూపు తగ్గిపోతున్న ముసలాయన ఒక్కడూ మిగిలాడు. 1891లో కంపెనీ స్వర్ణోత్సవం లండనులో గొప్పగా చేశారు; మంత్రులూ దొరలూ వచ్చారు. దాన్ని మొదలుపెట్టిన మనిషి ఆ విందులో లేడు. ఆయన ఆ రోజుల్లో తన పుట్టిన ఊరు మెల్‌బోర్న్‌లో బీదవాళ్ళకోసం పధ్నాలుగు ఇళ్ళూ, ఒక చిన్న ప్రార్థనాశాలా కట్టించే పనిలో ఉన్నాడు. 1892 జులై 18న పోయాడు.

కొడుకు హయాంలో కంపెనీ సామ్రాజ్యానికి బండి తోలే స్థాయికి ఎదిగింది. 1884లో ఖార్తూంలో చిక్కుకున్న జనరల్ గోర్డన్‌ను విడిపించే సైన్యాన్ని నైలు మీద చేరవేసింది కుక్ కంపెనీయే. సైన్యం చేరేసరికి గోర్డన్ చనిపోయి రెండు రోజులైంది. మన దేశానికి సంబంధించిన ముచ్చట ఇంకొకటి. మక్కా వెళ్ళే హజ్ యాత్రికులను దళారులు దోచుకోవడం, ఓడల్లో పశువుల్లా కుక్కడం ఎక్కువైపోతే, 1886లో హిందూదేశ ప్రభుత్వం ఆ ఏర్పాట్లు కుక్ కంపెనీకి అప్పగించింది. కొన్నేళ్ళు చేసి, గిట్టుబాటు కాక వదులుకున్నారు. యాత్రికుడికి సుఖం, కంపెనీకి లాభం, రెండూ ఒకే టిక్కట్టులో ఇమడవని కొడుక్కు అక్కడ తెలిసివచ్చి ఉండాలి.

తండ్రికి ఆ లెక్క కుదిరింది, కొడుక్కు ఇంకా బాగా కుదిరింది, మనుమలు 1928లో కంపెనీ అమ్మేసుకున్నారు. చేతులు మారి మారి, ఒకప్పుడు సర్కారు సొత్తు కూడా అయి, చివరకు కొండంత అప్పు నెత్తిమీద పడి, 2019 సెప్టెంబరు 23న కూలిపోయింది. 178 ఏళ్ళ సంస్థ. ఆనాడు దాని టిక్కట్టు మీద పరదేశాల్లో ఉన్న బ్రిటిషు వాళ్ళే లక్షాయాభైవేల మంది. సరిగ్గా 1851లో ముసలాయన లండను చూపించినంత మంది! వాళ్ళను ఇళ్ళకు చేర్చడానికి ప్రభుత్వం విమానాలు అద్దెకు తీసుకోవలసి వచ్చింది. మన దేశంలోని థామస్ కుక్ కంపెనీని 2012లోనే కెనడా వాళ్ళు కొనుక్కున్నారు గనుక దానికి దెబ్బ తగల్లేదు. పాత కంపెనీ కాగితాలు, టిక్కట్లు, పోస్టర్లు, ప్రయాణికుల దినచర్యలు మాత్రం వేలానికి పోకుండా లెస్టర్ పక్కనే విగ్‌స్టన్‌లోని జిల్లా రికార్డుల ఆఫీసుకు చేరాయి. ఇంటి పిల్ల ఇంటికే వచ్చిందన్నమాట.

లెస్టర్ వెళ్ళి బెల్‌గ్రేవ్ రోడ్డు చూడకుండా వస్తే ఎవరూ క్షమించరు. చీరల దుకాణాలు, నగల దుకాణాలు, మిఠాయి కొట్లు; దీపావళికి ఇక్కడ వెలిగే దీపాలు చూడడానికి ఇంగ్లండు నలుమూలలనుంచీ వస్తారు. ఎక్కువమంది గుజరాతీలు. 1972లో ఉగాండాలో ఇడీ అమీన్ 'తొంభై రోజుల్లో పొండి' అని తరిమితే వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళు రాకముందే లెస్టర్ నగరపాలక సంఘం ఉగాండా పత్రికలో ఒక ప్రకటన వేయించింది: మా ఊళ్ళో ఇళ్ళు లేవు, బళ్ళలో చోటు లేదు, మీ మేలు కోరి చెబుతున్నాం, రావద్దని. బీదవాడికి లోకం చూపించిన ఊరు, బతకడానికి వచ్చేవాణ్ణి వాకిట్లోనే ఆపబోయింది. ఇది ఆ ఊరికి మచ్చేనని ఇప్పుడు ఊరివాళ్ళే ఒప్పుకుంటారు.

ఒక మిఠాయి దుకాణంలో గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయనను ఆ మాట అడిగాను. కంపాలా నుంచి ఒక్క పెట్టెతో వచ్చినవాడు. ఆయన పకపకా నవ్వి, "ఆ ప్రకటన చూశాకే గదా మాస్టర్‌జీ, లెస్టర్ అనే ఊరొకటి ఉందని మాలో చాలామందికి తెలిసింది!" అన్నాడు. డబ్బు తీసుకోకుండా మా ఇద్దరి చేతుల్లో రెండు జిలేబీలు పెట్టాడు.

కుక్ సమాధి వెల్ఫర్డ్ రోడ్డు శ్మశానంలో ఉంది. గుట్ట మీద పెద్ద పెద్ద చెట్లు, వరస తప్పి ఒరిగిన పాత రాళ్ళు. వెతకడానికి కొంత సేపు పట్టింది. భార్య, కూతురు, ఆయన అక్కడే ఉన్నారు. చుట్టూ ఎవరూ లేరు. కుర్రాడు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఇక్కడ ఆ ఆచారం లేదని చెప్పబోయి మానేశాను.

మిగిలిన పొద్దులో లాఫ్‌బరో దాకా రైల్లో వెళ్ళివద్దామన్నాను. స్టేషను చేరేలోపల వాడు తన సెల్‌ఫోనులో రెండు టిక్కట్లు కొనేసి, డబ్బు ఇవ్వబోతే "వద్దు సార్, ఇది నా వంతు," అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆనాడు తోటకూలి కుర్రవాడికి రెండు వారాల కష్టం ఆ టిక్కట్టు. గిడ్డంగిలో దానికి ఎన్ని పెట్టెలు మోయాలో నేను లెక్క వేయదలచుకోలేదు. పది పన్నెండు నిమిషాల ప్రయాణం. నదీ, పచ్చికబయళ్ళూ, మేస్తున్న గొర్రెలూ కిటికీ పక్కనుంచి పరిగెత్తాయి. వాడు ముక్కు అద్దానికి ఆనించి, ఫోను చేత్తో పట్టుకుని, వాళ్ళమ్మకు పంపడానికి ఆ గొర్రెలన్నిటినీ బొమ్మ తీస్తూ కూర్చున్నాడు. అంతలోనే లాఫ్‌బరో వచ్చేసింది.